బెంగళూరు చెరువు బాగుపడిందని ఎలా తెలుస్తుంది? నీటి పరీక్షకు అవతల జీవుల లెక్క

ఒకే చెరువు గురించి ఒకే నెలలో రెండు రకాల వార్తలు రావడం బెంగళూరులో కొత్తేమీ కాదు. పూడిక తీసి, కంచె వేసి, గట్టు మీద నడకదారి కట్టి చెరువును పునరుద్ధరించామని, గూడబాతులు తిరిగి వచ్చాయని ఒక వార్త వస్తుంది. తెల్లవారేసరికి చేపలు పొట్టలు పైకి తేలి ఒడ్డుకు కొట్టుకొచ్చాయని ఇంకో వార్త వస్తుంది. 2016 మార్చిలో హలసూరు చెరువులో చేపలు కుప్పలుగా చచ్చినప్పుడు గానీ, 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువు మీద మంట లేచినప్పుడు గానీ ఆ నీరు పాడైందనడంలో ఎవరికీ అనుమానం లేకపోయింది. చిక్కంతా ఆ తర్వాత, బాగుచేత పనులు జరిగాక మొదలైంది. వర్తూరు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ‘చెరువు బతికింది’ అనేవారూ ఉన్నారు, ‘ఇదంతా పైపై మెరుగు’ అనేవారూ ఉన్నారు. ఇరుపక్షాల దగ్గరా ఫొటోలున్నాయి, పరీక్ష నివేదికలున్నాయి.

నిజానికి వారు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పడం లేదు. ఒకరు నీటి గురించి, ఒకరు పక్షుల గురించి, మరొకరు చేపల గురించి మాట్లాడుతూ అన్నింటికీ ‘చెరువు’ అనే ఒక్క మాటే వాడుతున్నారు. మంచినీటి జీవావరణ పరిశోధన ఈ ప్రశ్నలను విడదీసి అడుగుతుంది: ఏ జీవులు ఉన్నాయి, ఎన్నెన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, దేనితో పోల్చి చూస్తున్నాం?

నీటి పరీక్ష చెప్పేదెంత?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వాడకాన్ని బట్టి ఏ నుంచి ఈ వరకు తరగతులుగా విభజించింది. చేపలూ ఇతర వన్యజీవులూ బతకడానికి పనికొచ్చే నీరు డి తరగతిలోకి వస్తుంది. దానికి మూడు షరతులున్నాయి: లీటరు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, స్వేచ్ఛా అమోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇవి అర్థవంతమైన హద్దులే. కాకపోతే చెరువు నీరు రోజంతా ఒకే తీరుగా ఉండదు.

నీరు పచ్చగా మారిన చెరువులో కంటికి ఆనని వృక్ష ప్లవకాలు పగలంతా కిరణజన్య సంయోగక్రియ చేస్తూ ఆక్సిజన్‌ను వదులుతాయి. రాత్రయితే అవీ, చేపలూ, అడుగు బురదలోని బ్యాక్టీరియా కలిసి అదే ఆక్సిజన్‌ను పీల్చేస్తాయి. ఒక ఉదాహరణ అనుకుందాం: మధ్యాహ్నం మూడింటికి లీటరుకు 14 మిల్లీగ్రాములున్న ఆక్సిజన్ తెల్లవారుజామున ఐదింటికి 1.5కు పడిపోయింది. నమూనా తీసే సిబ్బంది ఉదయం పదకొండు గంటలకు వచ్చి 8 మిల్లీగ్రాములని రాసుకుని వెళతారు. ఆ అంకె తప్పు కాదు, చెరువు డి తరగతిలో పాసైనట్టే. కానీ చేప బతకాల్సింది పదకొండు గంటలకు మాత్రమే కాదు కదా. చేపలు మూకుమ్మడిగా చచ్చే ఘటనలు చాలావరకు తెల్లవారుజామునే, అదీ ఎండాకాలంలో లేదా మొదటి గట్టి వాన కాలువల్లోని మురుగునంతా ఒక్కసారి తోసుకొచ్చిన రోజున కనబడటానికి కారణం ఇదే.

అమోనియా సంగతి ఇంకొంచెం మెలికగా ఉంటుంది. నీటిలోని మొత్తం అమోనియాలో చేపకు విషమయ్యేది స్వేచ్ఛా రూపంలో ఉన్న భాగమే, ఆ భాగం ఎంతన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. ఇరవై అయిదు డిగ్రీల నీటిలో పీహెచ్ 7.5 ఉంటే మొత్తంలో సుమారు 1.75 శాతమే స్వేచ్ఛగా ఉంటుంది, పీహెచ్ 9కి చేరితే అది 36 శాతమవుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల మొత్తం అమోనియా ఉన్న చెరువులో ఉదయం స్వేచ్ఛా అమోనియా 0.07 మిల్లీగ్రాములుంటే, మధ్యాహ్నం ప్లవకాలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి పీహెచ్‌ను 9కి తీసుకెళ్లేసరికి అదే నీటిలో 1.44 మిల్లీగ్రాములు ఉంటుంది. పైనుంచి కొత్తగా ఒక్క చుక్క మురుగు చేరకుండానే హద్దు దాటిందన్నమాట. అంటే ఆక్సిజన్ బాగున్న వేళ అమోనియా ప్రమాదకరం, అమోనియా తగ్గిన వేళ ఆక్సిజన్ కరువు. ఇలాంటి నీటిలో ఏ చేప మిగులుతుందన్నది ఒక్క సీసా నమూనాతో తేలదు. అక్కడే ఉండి రాత్రీ పగలూ ఆ నీటిని భరించిన జీవులను అడగాలి.

జీవసమూహం, ఆవాసం

ఒక చోట, ఒక కాలంలో కలిసి బతికే వివిధ జాతుల గుంపును జీవసమూహం అంటారు. అవి బతికే చోటు, అక్కడి లోతు, అడుగు, మొక్కలు, నీటి కదలికలతో సహా, ఆవాసం. చెరువు మొత్తం ఒకే ఆవాసం అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. జమ్ము, తుంగ పెరిగే మోకాటి లోతు అంచు ఒక ఆవాసం, వెలుతురు తగిలే నడి నీరు ఇంకొకటి, మెత్తని అడుగు బురద మరొకటి, ఎండాకాలంలో బయటపడే బురద మైదానం వేరొకటి.

ఏ చెరువులో ఏ జాతులుంటాయో తేల్చేవి ఒకదాని కింద ఒకటి పెట్టిన మూడు జల్లెడలు. ఆ జాతి ఆ చెరువు దాకా రాగలగాలి, ఇది మొదటిది. వచ్చాక అక్కడి ఆక్సిజన్, ఉష్ణోగ్రత, ఎండిపోయే తీరు తట్టుకోగలగాలి, ఇది రెండోది. తట్టుకున్నాక తనను తినేవాటి నుంచి, తన తిండికి పోటీ వచ్చేవాటి నుంచి తప్పించుకోగలగాలి, ఇది మూడోది. బెంగళూరు చెరువుల్లో రెండో జల్లెడ కన్నాలు ఎంత సన్నబడ్డాయో చేపల జాబితా చూస్తే తెలుస్తుంది. నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చగలిగే కొర్రమీను, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వంటివి ఆక్సిజన్ లేని రాత్రిని గడిపేస్తాయి. మొప్పల మీదే ఆధారపడే పరిగెలు గడపలేవు.

చేపల కంటే నిలకడగా సాక్ష్యం చెప్పేవి అడుగునా అంచునా ఉండే చిన్న జీవులు. పిడి ఉన్న చిన్న వలను జమ్ము మొదళ్ల దగ్గర రెండు మూడుసార్లు ఈడ్చి, వచ్చినదాన్ని నీళ్లు పోసిన తెల్లని ట్రేలో గుమ్మరిస్తే మొదట కనిపించేది కుళ్లిన ఆకులే. బురద కాస్త తేరుకున్నాక ఆకుల మధ్య దాగిన జీవులు కదలడం మొదలుపెడతాయి. ఎర్రని దారపు ముక్కల్లా మెలికలు తిరిగేవి కైరోనోమిడ్ ఈగల పురుగులు. మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్ వాటిలోనూ ఉండటం వల్లే ఆ ఎరుపు, దాని వల్లే ఆక్సిజన్ దాదాపు లేని బురదలోనూ అవి బతుకుతాయి. పొడవాటి తోకగొట్టంతో నీటిపై గాలి పీల్చే పురుగు కనిపిస్తే అక్కడ మురుగు చిక్కగా ఉందని అర్థం. తూనీగ పిల్ల పురుగు వేరే తీరు. మడిచి పెట్టుకున్న కింది పెదవిని ఒక్క విసురున ముందుకు చాచి దోమ పిల్లను పట్టేస్తుంది, భయపడితే పొట్టలోని నీటిని వెనక నుంచి చిమ్మి ముందుకు దూకుతుంది. ట్రే నిండా ఎర్రపురుగులే ఉంటే ఒక కథ, వాటితో పాటు మూడు నాలుగు రకాల తూనీగ పిల్లలు, నీటి నల్లులు, నత్తలు ఉంటే వేరే కథ.

ఈ ఆలోచననే అంకెల్లోకి మార్చి బ్రిటన్‌లో ఒక మార్కుల పద్ధతి తయారుచేశారు. కాలుష్యాన్ని ఏమాత్రం తట్టుకోలేని కుటుంబాలకు 10, అన్నింటినీ భరించే పురుగులకు 1 లేదా 2 మార్కులు వేస్తారు. మన కేంద్ర మండలి జీవ ప్రమాణాలు కూడా ఆ దారినే వచ్చాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ మార్కులు ప్రధానంగా పారే నీటి కోసం రూపొందినవి. కొండవాగు రాళ్లకు అతుక్కుని బతికే మేఫ్లై పురుగులు నిలవ నీటి చెరువులో లేకపోతే అది కాలుష్యం వల్లే కానక్కర లేదు, అక్కడ వాటికి పారకమూ రాళ్లూ లేకపోవడం వల్ల కూడా కావచ్చు. వాగు కొలతతో చెరువును కొలిచి తక్కువ మార్కులు వేయడం ఆవాసాన్ని మరిచిపోవడమే.

జాతుల సంఖ్య పెరిగితే మంచిదేనా?

‘ఈ చెరువులో ఐదు రకాల చేపలున్నాయి’ అనే వాక్యం వినడానికి స్పష్టంగానే ఉన్నా దాని వెనుక చాలా దాగి ఉంటుంది. రెండు చెరువుల్లో వల వేసి చెరొక వంద చేపలు పట్టామనుకుందాం, రెండింటిలోనూ ఐదేసి జాతులే దొరికాయి. మొదటి చెరువులో ఒక్కో జాతివి ఇరవై చొప్పున ఉన్నాయి. రెండో చెరువులో 92 జిలేబి (తిలాపియా) చేపలు, మిగిలిన నాలుగు జాతులవి రెండేసి. 1949లో సింప్సన్ అనే గణాంక శాస్త్రవేత్త చూపిన దారిలో, ఒక్కో జాతి వాటాను దానితోనే గుణించి, అన్నింటినీ కూడి, ఒకటిని ఆ మొత్తంతో భాగిస్తే నిజంగా లెక్కలోకి వచ్చే జాతులెన్నో తెలుస్తుంది. మొదటి చెరువులో 0.2ను 0.2తో గుణిస్తే 0.04, అవి ఐదు కలిపితే 0.2, ఒకటిని దానితో భాగిస్తే 5. రెండో చెరువులో 0.92ను దానితోనే గుణిస్తే 0.8464, మిగిలిన నాలుగింటివి కలిపి 0.0016, మొత్తం 0.848, ఒకటిని దానితో భాగిస్తే సుమారు 1.18. కాగితం మీద రెండూ ఐదు జాతుల చెరువులే, రెండోదాంట్లో ఉన్నది మాత్రం ఒక జాతి, మరికొంచెం.

ఇంతటితో అయిపోలేదు. విటేకర్ అనే అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త 1960లో వైవిధ్యాన్ని మూడు స్థాయిల్లో చూడాలన్నాడు: ఒక్క చెరువులో ఎన్ని జాతులు, ఒక చెరువుకూ ఇంకో చెరువుకూ జాతులు ఎంత మారుతున్నాయి, ప్రాంతం మొత్తం మీద ఎన్ని. మూడు చెరువుల్లో నాలుగేసి జాతులు, ఏవీ కలవకుండా ఉంటే ప్రాంతంలో పన్నెండు జాతులు. ఇప్పుడు మూడింటిలోనూ ఒకే రకమైన చేపపిల్లలను వదిలారనుకుందాం. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ, గడ్డిచేప, దానంతట అది చేరిన జిలేబితో ప్రతి చెరువులోనూ ఆరేసి జాతులయ్యాయి, పాతవి పోయాయి. ఏ ఒక్క చెరువును చూసినా జాతులు నాలుగు నుంచి ఆరుకు పెరిగాయి, ప్రాంతం మొత్తాన్ని చూస్తే పన్నెండు నుంచి ఆరుకు తగ్గాయి. ‘మా చెరువులో జాతులు పెరిగాయి’ అనే నివేదిక అబద్ధం చెప్పకుండానే నష్టాన్ని దాచగలదు. నగరంలోని పెద్ద చెరువులన్నింటినీ ఒకే నమూనాలో బాగుచేస్తున్నప్పుడు ఈ మధ్య స్థాయిని, అంటే చెరువుకూ చెరువుకూ ఉన్న తేడాను, ఎవరూ కొలవకపోవడమే నా దృష్టిలో పెద్ద లోపం.

పట్టే తీరు కూడా జాబితాను మారుస్తుంది. పెద్ద కన్నుల వలలో చిన్న పరిగెలు చిక్కవు, కాబట్టి ‘లేవు’ అనడానికీ ‘దొరకలేదు’ అనడానికీ మధ్య దూరం ఉంది. ఐదు వందల చేపలు పట్టిన చోట వంద పట్టిన చోటికంటే ఎక్కువ జాతులు దొరకడం సహజమే గనుక, రెండింటినీ వందకు కుదించి పోల్చాలి. ఈ మధ్య వల లేకుండానే లీటరు నీటిని వడగట్టి, అందులో జీవులు విడిచిన డీఎన్ఏను చదివే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. ఎక్కడో దాగిన అరుదైన జాతిని కూడా అది పట్టిస్తుంది. కాకపోతే మురుగు కాలువ కలిసే నగరపు చెరువులో చేపల మార్కెట్ కడిగిన నీటితో సముద్రపు వంజరం డీఎన్ఏ వచ్చినా ఆశ్చర్యపోనక్కర లేదు!

పచ్చని నీరు పచ్చగానే ఎందుకు ఉండిపోతుంది?

మురుగు ఆపేశాం, అయినా నీరు తేటపడదేం అనే ప్రశ్న చెరువు సంఘాల సమావేశాల్లో తరచూ వినబడుతుంది. దీనికి పునాది 1973లో కెనడాలోని ఒంటారియోలో జరిగిన ఒక ప్రయోగం. 226 అనే సంఖ్యతో పిలిచే సరస్సును నడిమికి తెరతో రెండు భాగాలు చేసి, ఒకవైపు కార్బన్, నైట్రోజన్ మాత్రమే వేశారు, రెండోవైపు వాటితో పాటు ఫాస్ఫరస్ కూడా వేశారు. ఫాస్ఫరస్ పడ్డ వైపే పచ్చగా మారింది. బట్టల సబ్బుల పొడిలోనూ, మనిషి మలమూత్రాల్లోనూ ఉండే ఫాస్ఫరస్ దశాబ్దాలపాటు చెరువు అడుగుకు చేరి బురదలో ఇనుముతో బంధమై ఉంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడు ఆ బంధం విడి, ఫాస్ఫరస్ తిరిగి నీటిలోకి వస్తుంది. బయటి కాలువ మూసినా లోపలి నిల్వ చెరువును పోషిస్తూనే ఉంటుంది.

దీని మీద ఇంకో పొర ఉంది. లోతు తక్కువ సరస్సులు రెండు నిలకడైన స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటాయని 1990ల నుంచి నెదర్లాండ్స్ పరిశోధకులు వివరంగా చూపారు. నీటి మొక్కలు దట్టంగా ఉంటే అవి బురదను పట్టి ఉంచుతాయి, ప్లవకాలను తినే చిన్న జంతువులకు చాటు ఇస్తాయి, నీరు తేటగా ఉంటుంది, తేటగా ఉంది కాబట్టి వెలుతురు అడుగుకు దిగి మొక్కలు పెరుగుతాయి. మొక్కలు పోతే గాలికీ, అడుగును కెలికే చేపలకూ బురద లేస్తుంది, నీరు మసకబారుతుంది, మసకలో మొక్క మొలవదు. ఒక స్థితి నుంచి రెండోదానికి జారడం తేలిక, తిరిగి రావాలంటే ఫాస్ఫరస్‌ను జారినప్పటి మట్టం కంటే బాగా కిందికి తేవాలి.

ఐరోపాలో దీనికి ఒక మందు వాడారు: చిన్న చేపలను తీసేస్తే, ప్లవకాలను తినే పెద్ద డాఫ్నియాలు, అంటే నీటిలో ఈదే చిన్న జంతువులు, పెరిగి నీటిని తేటపరుస్తాయి. అదే మందు మన దగ్గర పనిచేస్తుందా అన్నదానిపై అభిప్రాయాలు కలవవు. వెచ్చని నీటిలో జిలేబి వంటి చేపలు ఏడాదంతా పిల్లలను పెడతాయి, ఒకసారి ఖాళీ చేసినా కొద్ది నెలల్లో మళ్లీ నిండిపోతాయి, పెద్ద డాఫ్నియాలకు నిలదొక్కుకునే వ్యవధే దొరకదు. అందువల్ల ఉష్ణమండల చెరువుల్లో పోషకాలను తగ్గించడమే ముఖ్యమని ఒక వర్గం అంటుంది. మొక్కలను ముందుగా నిలబెట్టకపోతే పోషకాలు తగ్గినా ప్రయోజనం ఆలస్యమవుతుందని మరో వర్గం అంటుంది. జక్కూరు చెరువును ఇరువర్గాలూ ఉదాహరణగా చూపుతాయి. అక్కడ శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీరు నేరుగా చెరువులో కలవకుండా జమ్ము, గుర్రపుడెక్క పెరిగే తడినేల గుండా పారి, కొంత నైట్రోజన్, ఫాస్ఫరస్‌లను అక్కడ వదిలి వస్తుంది. ఆ మొక్కలను ఎప్పటికప్పుడు కోసి బయట వేయకపోతే అవి అక్కడే కుళ్లి, పట్టినదంతా తిరిగి నీటికే ఇచ్చేస్తాయి. కోత ఖర్చు ఎవరిదన్నదే చివరికి అసలు ప్రశ్న అవుతుంది.

పూడికతీత: తీసేదేమిటి, పోయేదేమిటి?

బెళ్లందూరు, వర్తూరు చెరువుల్లో ఇటీవలి ఏళ్లలో జరిగిన భారీ పూడికతీత మీద వాదం ఇంకా ఆగలేదు. తీయాలనేవారి పక్షం బలమైనదే. ఆ బురదలో దశాబ్దాల ఫాస్ఫరస్, భార లోహాలు ఉన్నాయి, దాన్ని ఉంచి నీటిని బాగుచేయడం జరిగే పని కాదు, పైగా నీరు నిలిచే చోటు పెరిగితే వరద తీవ్రత తగ్గుతుంది. అభ్యంతరం చెప్పేవారి మాటలోనూ పస ఉంది. బురద అంటే విషం మాత్రమే కాదు, విత్తనాల, గుడ్ల నిల్వ కూడా. డాఫ్నియా వంటి జీవుల గట్టి పెంకు గుడ్లు బురదలో దశాబ్దాలపాటు నిద్రపోయి అనువైన నీరు రాగానే పొదుగుతాయి. అడుగంతా గీకేస్తే ఆ చెరువు తన జ్ఞాపకాన్ని పోగొట్టుకున్నట్టే.

నా అంచనాలో బురద ఎంత తీశారన్నదానికంటే అంచును ఎలా వదిలారన్నది ముఖ్యం. అంచును నిలువుగా తవ్వి రాళ్లు పేరిస్తే నీరు ఒడ్డు నుంచే లోతుగా ఉంటుంది. గూడబాతుకూ నీటికాకికీ అది ఇబ్బంది కాదు. కొన్ని సెంటీమీటర్ల నీటిలో బురదను పొడుస్తూ తిరిగే ఉల్లంకి పిట్టలకు మాత్రం అక్కడ దిగే చోటే ఉండదు, పరిగె చేపకు గుడ్లు పెట్టే గడ్డి ఉండదు, తూనీగ పిల్లకు పైకెక్కి రెక్కలు విప్పుకోవడానికి తుంగ కాడ ఉండదు. అందుకే గూడబాతుల సంఖ్యను చెరువు ఆరోగ్యానికి కొలమానంగా తీసుకోవడం నమ్మదగ్గ పని కాదు. నేలపట్టులోనో కొక్కరె బెళ్లూరులోనో గూళ్లు కట్టే ఆ పక్షి చేపలున్న ఏ నీటికైనా ఎగిరి వెళ్లగలదు. అది చెప్పేది అక్కడ మింగదగ్గ చేపలు బోలెడు ఉన్నాయనే, అవి ఏ చేపలన్నది కాదు. తూనీగల విషయంలోనూ ఎగిరేవాటిని లెక్కపెట్టడం కంటే తుంగ కాడలకు అంటుకుని మిగిలిన ఎండు పొట్టులను లెక్కపెట్టడం మేలు. ఆ పొట్టు ఉందంటే ఆ పురుగు ఆ నీటిలోనే పుట్టి పెరిగిందన్నమాట.

చెరువు ఎండిపోవడం కూడా ఆవాసంలో భాగమే, నగరవాసికి ఇది మింగుడుపడదు. 1894లో అర్కావతి మీద కట్టిన హెసరఘట్ట జలాశయం ఏళ్ల తరబడి ఎండి, 2022 వానలకు మళ్లీ నిండింది. ఎండే చెరువులో పెద్ద వేట చేపలు నిలవవు. అందువల్ల కప్పలకూ, మొదటి వానకు గుంటల్లో పొదిగి కొద్ది వారాల్లో జీవితం ముగించుకునే ఫెయిరీ రొయ్యల వంటివాటికీ అవకాశం దొరుకుతుంది. ఏడాదంతా నీరు నిలపడం ఒక వర్గం జీవులకు మేలు, ఇంకో వర్గానికి చేటు.

బయటి చేపలు: ముద్దాయిలా, లక్షణమా?

జిలేబి 1952లో మన దేశానికి వచ్చింది. దోమలను తింటుందని గంబూసియాను అంతకు ముందే తెచ్చారు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకంపై నిషేధం ఉన్నా నగరపు చెరువుల్లో అది స్థిరపడింది. అక్వేరియంలో అద్దం నాకుతుందని కొని, పెద్దదయ్యాక చెరువులో వదిలేసిన సక్కర్ చేప, అంటే మన వార్తల్లోని డెవిల్ ఫిష్, గట్లలో బొరియలు చేస్తుంది. స్థానిక చేపలు పోవడానికి ఇవే కారణమని ఒక వాదం ఉంది. గంబూసియా చిన్న చేపల పిల్లలనూ కప్ప పిల్లలనూ తింటుందన్నది నిజమే. ఆడ జిలేబి గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది గనుక ఎంత మురికి నీటిలోనైనా దాని సంతతి నిలుస్తుంది.

దానికి ఎదురు వాదం ఏమిటంటే, మురుగు ముందు వచ్చి స్థానిక చేపలను తుడిచేసింది, ఖాళీ అయిన చోటును ఇవి నింపాయి, కాబట్టి ఇవి రోగం కాదు, రోగ లక్షణం. రెండింటిలో ఏది నిజమో తెలియాలంటే శుభ్రమైన నీటిలో బయటి చేప ఉన్న చెరువులనూ, మురికి నీటిలో బయటి చేప లేని చెరువులనూ పక్కపక్కన చూడాలి. నగరంలో ఆ రెండో రకం దొరకడమే కష్టం. చేపల కాంట్రాక్టు మీద బతికే కుటుంబాల మాట కూడా వినాలి. బొచ్చె, శీలావతి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, ఏటా పిల్లలను కొని వదలాలి. జిలేబి కొనకుండానే పెరుగుతుంది, తక్కువ ధరకైనా రోజూ అమ్ముడవుతుంది. దానిని ‘ఆక్రమణ జాతి’ అని రాసే పరిశోధకుడికీ, దానితో ఇల్లు గడుపుకునే మనిషికీ అదే చేప రెండు రకాలుగా కనిపించడంలో వింత లేదు.

దేనితో పోల్చాలి?

‘బాగుపడింది’ అనాలంటే ఒకప్పటి మంచి స్థితి ఏదో తెలియాలి. ఐరోపా సమాఖ్య 2000లో తెచ్చిన నీటి చట్రం చట్టం ప్రతి సరస్సునూ దాని తరహా, మనుషుల ఒత్తిడి దాదాపు లేని సరస్సుతో పోల్చమంటుంది. మనుషులు తవ్విన జలాశయాలకు మాత్రం ‘మంచి స్థితి’ బదులు ‘చేరుకోగల మంచి స్థాయి’ని లక్ష్యంగా పెట్టుకోమంటుంది. బెంగళూరు చెరువులన్నీ దాదాపు ఈ రెండో కోవలోవే. వాగులకు అడ్డంగా కట్టలు కట్టి, ఒకదాని అలుగు నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుగా నిర్మించినవి. వాటికి ‘సహజ స్థితి’ అంటే కట్టకు ముందున్న వాగా, వరి పండించిన కాలంలోని చెరువా?

మన చట్టం ఇక్కడ ఇంకాస్త తికమకపెడుతుంది. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు సాగునీటి కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టిన జలాశయాలను తమ నిర్వచనంలోంచి మినహాయించాయి. అదే కర్ణాటకలో 2024లో రాంసర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో, చేరిన మాగడి కెరె, అంకసముద్ర రెండూ మనుషులు సాగు కోసం నిర్మించిన చెరువులే. జీవుల దృష్టితో చూస్తే చెరువును ఎవరు తవ్వారన్నది అంత ముఖ్యం కాదు, చట్టం దృష్టితో చూస్తే అదే మొదటి ప్రశ్న.

పోలిక కష్టం కోలారులో ఇంకా బాగా తెలుస్తుంది. 2018 నుంచి బెంగళూరులోని కోరమంగల–చల్లఘట్ట లోయ మురుగు శుద్ధి కేంద్రాల నీటిని కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోస్తున్నారు. శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు తెలుగు ఊళ్లలో బోర్లు ఎండి విసిగిన రైతుకు ఇది వరం, భూగర్భజలం పైకి వచ్చిందని సంతోషించేవారు చాలామంది. రెండో దశ శుద్ధి మాత్రమే జరిగిన నీటిలో పోషకాలు మిగిలే ఉంటాయన్నది విమర్శకుల ఆందోళన. జీవావరణ పరంగా మూడో మాట ఒకటుంది. ఏటా ఎండే చెరువు ఏడాదంతా నిండి ఉండే చెరువైనప్పుడు, నీరు ఎంత శుభ్రంగా ఉన్నా, ఎండటమనే జల్లెడ పోయింది గనుక అందులోని జీవసమూహం మారక తప్పదు. దానిని నష్టమనాలా, లాభమనాలా అన్నది మనం కప్పలను లెక్కపెడుతున్నామా, చేపలనా, బోరు లోతునా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు, తర్వాత, పక్క చెరువు

బాగుచేత ఫలితాన్ని తేల్చడానికి పరిశోధకులు వాడే పద్ధతి ఒకటుంది. పని జరిగే చెరువునూ, దానిని పోలిన, పని జరగని చెరువునూ, పనికి ముందూ తర్వాతా కూడా కొలుస్తారు. ఉదాహరణకు బాగుచేసిన చెరువులో తూనీగ జాతులు 8 నుంచి 14కు పెరిగాయనుకుందాం. ఆరు జాతులు కొత్తగా వచ్చాయని పండగ చేసుకోవచ్చు. అదే కాలంలో పక్కనున్న, ఎవరూ ముట్టని చెరువులో 9 నుంచి 13కు పెరిగితే, ఆ నాలుగు జాతుల పెరుగుదల ఆ ఏటి మంచి వానలదే అయి ఉండాలి. బాగుచేత వల్ల వచ్చినవి ఆరులోంచి నాలుగు తీసేస్తే మిగిలే రెండే. పక్క చెరువులో 9 నుంచి 5కు పడిపోయి ఉంటే లెక్క తిరగబడి, పని ఫలితం పది జాతులని తేలేది.

ఈ పద్ధతికి బెంగళూరులో రెండు అడ్డంకులున్నాయి. పనికి ముందు కొలత దాదాపు ఎప్పుడూ జరగదు, ఎందుకంటే టెండరులో తవ్వాల్సిన మట్టి ఘనపు మీటర్లకు పద్దు ఉంటుంది గానీ తెల్లని ట్రేలోని పురుగులకు ఉండదు. రెండోది, గొలుసు చెరువుల్లో పక్క చెరువు నిజంగా విడిగా ఉండదు. పై చెరువులో పూడిక తీసినప్పుడు రేగిన బురదా, అక్కడి నుంచి తప్పించుకున్న చేపలూ చెరువులను కలిపే రాజకాలువ గుండా కిందికి వస్తాయి. కాబట్టి పోల్చే చెరువును అదే గొలుసులో కింద కాకుండా, వేరే లోయలో, వీలైతే అంతే వానా అంతే జనసాంద్రతా ఉన్న హెబ్బాళ లోయలో ఎంచుకోవాల్సి ఉంటుంది. ఆ చెరువునూ రెండేళ్లలో ఇంకొక పథకం కింద తవ్వకుండా ఉంటేనే ఆ పోలిక చివరిదాకా నిలుస్తుంది.